పోలవరం: పని శాతం ఏది? ఖర్చు శాతం ఏది?

పోలవరం: ప్రాజెక్టు ఎంతవరకు పూర్తయింది? ఈ ప్రశ్నకు ఏళ్ల తరబడి వినిపిస్తున్న సమాధానం ఒక శాతం మాత్రమే. ఆ శాతం పెట్టిన ఖర్చుదా, జరిగిన పనిదా అన్నది తేలనిదే వాస్తవ స్థితి బోధపడదు.

మూడు అంకెల లెక్క

ఈ చిక్కు విప్పేందుకు ఉన్నదే 'ఆర్జిత విలువ' పద్ధతి. అమెరికా రక్షణ శాఖ 1967లోనే దీనిని గుత్తేదారులకు ప్రమాణంగా నిర్దేశించింది. ఉదాహరణకు రూ.100 కోట్ల పనిని 10 నెలల్లో ముగించాలి. ఐదు నెలలకు రూ.50 కోట్ల పని జరగవలసి ఉండగా, అంచనా ధర ప్రకారం రూ.40 కోట్ల పనే జరిగింది. ఖర్చు మాత్రం రూ.60 కోట్లయింది. ఖర్చును చూపి 60 శాతం పూర్తయిందనవచ్చు. నిజానికి జరిగింది 40 శాతమే. ఇదే తీరు కొనసాగితే మొత్తం వ్యయం రూ.150 కోట్లకు చేరుతుంది.

మారుతున్న కొలబద్ద

పోలవరం అంచనా 2005-06 ధరల్లో రూ.10,151 కోట్లు, 2010-11 ధరల్లో రూ.16,010 కోట్లు, 2017-18 ధరల్లో రూ.55,549 కోట్లు. పెరిగినదంతా దుబారా అనలేము. 2013 భూసేకరణ చట్టం తరువాత భూసేకరణ, పునరావాసాల పద్దు రూ.2,934 కోట్ల నుంచి రూ.33,168 కోట్లకు పెరిగింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 41.15 మీటర్ల తొలి దశకు రూ.30,437 కోట్ల అంచనాను ఆమోదించింది. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఏ అంచనాతో భాగిస్తే ఆ శాతం వస్తుంది. గడువు మారిన ప్రతిసారీ కొత్త తేదీ నుంచే కొలిస్తే జాప్యం కాగితంపై మాయమవుతుంది.

డయాఫ్రం వాల్ మరో పాఠం. 2018లో పూర్తయిన గోడ తరువాతి వరదల్లో దెబ్బతిన్నది. కొత్త గోడ పనులు 2025 జనవరిలో మొదలయ్యాయి. ఖర్చు రెండుసార్లు రాయవలసిందే. పని విలువ మాత్రం ఒక్కసారే లెక్కకు రావాలి.

నిర్వాసితుల లెక్క

కట్టడాల శాతం, పునరావాస శాతం కలిపి సగటు చెబితే వెనుకబడినది మరుగున పడుతుంది. గోదావరి సగటును చూసి ఆగదు. 2022 జులై వరదలో ముంపు గ్రామాల ప్రజలు ఇళ్లు విడిచి గుట్టలెక్కారు. జరగవలసిన పని, జరిగిన పని, అయిన ఖర్చు - ఈ మూడింటినీ కట్టడాలకు, పునరావాసానికి వేర్వేరుగా ప్రతి నెలా మండల కార్యాలయాల్లో ప్రదర్శిస్తే, ఇల్లు ఖాళీ చేయవలసినవారికి తమ వంతు ఎప్పుడో తెలుస్తుంది.