పెట్టెలో ఏం పెట్టాలి?



ప్రతి ఏడూ ఈ సంచికలో కాలేజీ అప్లికేషన్ల గురించో, మెడికల్ సీట్ల గురించో ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఈసారి మనవాళ్ళు అంతగా మాట్లాడుకోని విషయం ఒకటి రాద్దామని కూర్చున్నాను. మిలిటరీ అకాడమీలో చేరే పిల్లకి గాని, పిల్లాడికి గాని మొదటి రోజు ఏం సర్ది పంపాలి? "అదేమంత పెద్ద విషయమండీ, వాళ్ళిచ్చిన లిస్టు చూసి సర్దెయ్యడమే కదా" అంటారేమో. నేనూ అలాగే అనుకుని తప్పు చేశాను. అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి ఈ బడిలోనే అ ఆలు దిద్దుకుంది. 2019 వేసవిలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న వెస్ట్ పాయింట్‌లో చేరింది. 1802లో మొదలైన అకాడమీ అది. 2023లో పట్టా పుచ్చుకుని ఇప్పుడు సైన్యంలో ఆఫీసరుగా పనిచేస్తోంది.

సీటు వచ్చిందని తెలిశాక ఒక పాట్‌లక్‌లో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "అదేమిటండీ, అంత బాగా చదివే పిల్లని పటాలానికి పంపిస్తున్నారా? మెడిసిన్‌కి ప్రయత్నించలేదా?" అని అడిగారు. నవ్వేసి పులిహోర వడ్డించుకున్నాను గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున తాడేపల్లిగూడెంలో ఉన్న మా అమ్మకి ఫోను చేశాను. "మాధవరం పక్కన పుట్టినదాన్ని, పటాలం అంటే ఏమిటో నాకు చెప్తావేమిటే?" అంది అమ్మ. పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న ఆ ఊరిని అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ అక్కడినుంచి మనుషులు వెళ్ళారు. సెలవుకి వచ్చిన జవాను భుజాన నల్ల ట్రంకు పెట్టె, దానిమీద తెల్లరంగుతో పేరు, నంబరు, ఇవి అమ్మ చిన్నప్పుడు చూసిన దృశ్యాలు. కాబట్టి సైన్యం మన తెలుగువాళ్ళకి కొత్తదేం కాదు. అమెరికా వచ్చాక మనమే మరిచిపోయాం.

సరే, సర్దుడు సంగతికి వస్తాను. మనమంతా రెండు పెట్టెలతో ఈ దేశం వచ్చినవాళ్ళం. బాత్రూం స్కేలు మీద పెట్టె తూచుకుని, బరువెక్కువైతే చీర తీసి కుక్కరు పెట్టి, కుక్కరు తీసి ఆవకాయ పెట్టి వచ్చిన వాళ్ళం. ప్రయాణం అంటే పెట్టె నిండాలి అన్నది మన రక్తంలోనే ఉంది. నేనూ హాలు నిండా సామాను పరిచాను. కందిపొడి, సున్నుండలు, కొబ్బరినూనె, జలుబుకి రాసుకునే బామ్, నాలుగు జతల పైజమాలు, ఒక దుప్పటి! మా అమ్మాయి వచ్చి చూసి, ఏమీ అనకుండా ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. చివరికి మిగిలింది స్కూలుకి వేసుకెళ్ళే బ్యాగంత సంచి.

ఎందుకంటే అక్కడ యూనిఫారాలు వాళ్ళే ఇస్తారు. మొదటి రోజే మగపిల్లలకి జుట్టు తీసేస్తారు. వేసుకెళ్ళిన బట్టలు కూడా విప్పి దాచుకోవలసిందే. ఫోను చేతిలో ఉండదు. తినుబండారాలు గదిలో దాచుకోవడం కుదరదు.

ఇక నేను చేసిన తప్పు. అకాడమీ వాళ్ళు చెప్పేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది బూట్లు. వాళ్ళు ఒప్పుకునే రకం బూట్లు ముందుగానే కొనుక్కుని, రోజూ తొడుక్కుని నడిచి, మెత్తబరుచుకుని రమ్మంటారు. మా అమ్మాయి మే నెలలోనే కొనుక్కుని ఇంట్లో తొడుక్కుని తిరగడం మొదలుపెట్టింది. మన ఇళ్ళ సంగతి మీకు తెలుసు కదా. గుమ్మం లోపల చెప్పులు ఉండకూడదు. "దేవుడి గది ఉన్న ఇంట్లో బూట్లేమిటే, విప్పు ముందు!" అని నేను గోల పెట్టాను. దాంతో బూట్లు గరాజులోకి పోయాయి. గరాజులోకి పోయిన వస్తువు సంగతి కూడా మీకు తెలుసు. ఎ.పి. పరీక్షలు, గ్రాడ్యుయేషన్, బంధువులు, వీడ్కోలు భోజనాలు. బూట్లు కొత్తగానే ఉండిపోయాయి.

చేరే రోజున తల్లిదండ్రులకి వీడ్కోలు చెప్పడానికి ఇచ్చేది ఒకటి, ఒకటిన్నర నిమిషం. అంతే! మా ఆయన ఏదో చెప్పబోయి దగ్గుతూ ఉండిపోయారు. నేను "నీళ్ళు బాగా తాగు" అన్నాను. పద్దెనిమిదేళ్ళు పెంచిన పిల్లకి ఆఖరుగా చెప్పిన మాట అది.

ఆ తరువాత ఆరు వారాల పైచిలుకు శిక్షణ. 'బీస్ట్ బ్యారక్స్' అని పాతకాలం నుంచీ ఉన్న ముద్దు పేరు. తెల్లవారకముందే లేవడం, పరుగు, కవాతు, రైఫిల్, మూట మోసుకుంటూ నడక, ఆఖరున పన్నెండు మైళ్ళ మార్చి. మధ్యలో మాకు మిగిలింది ఉత్తరాలే. రెండో వారంలో కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు. ఒకటి మాకు ఇంగ్లీషులో: అంతా బాగుంది, బెంగ పెట్టుకోకండి అని నాలుగు ముక్కలు. రెండోది వాళ్ళ అమ్మమ్మకి, తెలుగులో. ఒత్తులు కొన్ని తప్పు, దీర్ఘాలు కొన్ని మాయం. అందులో ఒక వాక్యం: "అమ్మమ్మా, నా కాళ్ళకి నాలుగు బొబ్బట్లు వచ్చాయి, కాని నడుస్తున్నాను."

బొబ్బలు అనబోయి బొబ్బట్లు అని రాసింది! ఇంట్లో ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత నేను గరాజులోకి వెళ్ళి, ఆ బూట్ల ఖాళీ డబ్బా చూసి కూర్చుని ఏడ్చాను. మాకు రాసిన కాగితంలో ఆ సంగతి లేదు. మాకు చెప్పనిది అమ్మమ్మకి చెప్పింది, తెలుగులో చెప్పింది.

ఆ ఉత్తరం ఫోటో తీసి మా తమ్ముడి ఫోనుకి పంపితే అమ్మ ఒప్పుకోలేదు, కాగితమే కావాలంది. పోస్టులో పంపాను. ఇప్పటికీ ఆవిడ దిండు కింద ఉంటుంది. అమ్మ జవాబు రాసింది. బొబ్బల గురించి, బొబ్బట్ల గురించి, మాధవరం జవానుల గురించి. మా అమ్మాయి దాన్ని కూడబలుక్కుని చదువుకుందట. పక్క మంచం అమ్మాయి "ఇదేమి లిపి, ఇంత గుండ్రంగా ఉంది?" అని అడిగిందట.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. మీ పిల్లలు వెస్ట్ పాయింట్‌కి వెళ్ళినా, అనాపొలిస్‌లోని నేవల్ అకాడమీకి వెళ్ళినా, కొలరాడోలోని ఎయిర్ ఫోర్స్ అకాడమీకి వెళ్ళినా, పెట్టె పిల్లలనే సర్దుకోనివ్వండి. ఏ ఏటి లిస్టు ఆ ఏడు చదవాలి, మార్పులుంటాయి. బూట్లు, వాటితో వేసుకునే మేజోళ్ళు, పరుగుకి అలవాటైన షూస్, లోపలి బట్టలు, కళ్ళద్దాలు, వాడుతున్న మందుల వివరాలు, గుర్తింపు కాగితాలు, బ్యాంకు వివరాలు, ఇలాంటివే ఉంటాయి. మనం వేసేవి రెండే రెండు: పెన్ను, స్టాంపులు అంటించిన కవర్లు. కవర్ల మీద చిరునామాలు ముందే రాసి పెట్టండి. అలిసిపోయిన పిల్లలకి అది పెద్ద సాయం. మీరు రోజూ ఒక ఉత్తరం రాయండి, రెండు ముక్కలైనా చాలు. తినేవి ఏవైనా పంపేముందు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. మీ ప్రేమ మూలంగా మీ పిల్ల నలుగురిలో మాటపడకూడదు. ఇంకో మాట, ఇల్లంతా బూట్లతో తిరగనివ్వండి. దేవుడేమీ అనుకోడు. తరువాత నేల తుడుచుకోవచ్చు.

ఇవన్నీ పెట్టెలో పట్టేవి. పట్టనివి రెండున్నాయి.

మొదటిది, తప్పు ఒప్పుకోవడం. కొత్త క్యాడెట్లకి అక్కడ నాలుగే నాలుగు జవాబులు: అవును, కాదు, నా దగ్గర సాకు లేదు, నాకు అర్థం కాలేదు. మూడోది మన పిల్లలకి చాలా కష్టం, ఎందుకంటే సాకులు మనమే తయారుచేసి ఇస్తాం. ఆదివారం తెలుగు క్లాసుకి ఆలస్యమైతే "ట్రాఫిక్ అండీ" అని టీచరుకి చెప్పేది ఎవరు? ఆదివారం పొద్దున్న ట్రాఫిక్ ఎక్కడుంది! హోంవర్కు చెయ్యకపోతే "నిన్న బర్త్‌డే పార్టీ అండీ" అనేది కూడా మనమే. ఈ సాకు లేకపోవడాన్ని ఆరు వారాల్లో నేర్పడం వాళ్ళకీ కష్టం, నేర్చుకోవడం పిల్లలకీ కష్టం. మనం అయిదో ఏటనుంచీ నేర్పితే తేలిక.

రెండోది, రాయడం వచ్చిన తెలుగు. "మాట్లాడ్డం వస్తే చాలదా, రాత ఎందుకు?" అని ఈ బడిలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. నేనూ ఒకప్పుడు అడిగాను. ఫోను చేతిలో లేని ఆరు వారాల్లో మాట్లాడే తెలుగు ఎందుకూ పనికిరాలేదు, తప్పులతో రాసిన తెలుగే అమ్మమ్మ దాకా వెళ్ళింది. ఫోను లేని రోజులు సైన్యంలోనే ఉంటాయని అనుకోకండి. వినికిడి తగ్గిన తాతగారికి ఫోనులో ఎంత అరిస్తే మాత్రం ఏం వినపడుతుంది? కాగితం మీద రాస్తే పదిసార్లు చదువుకుంటారు.

నేను అందరినీ మిలిటరీకి పంపమనడం లేదు. "చదువు ఉచితం, పైగా జీతం కూడా ఇస్తారటగా" అని అడిగేవారికి నేనొకటే చెప్తాను, ఉచితం అని మాత్రం పంపకండి. పట్టా అయ్యాక కనీసం అయిదేళ్ళు పూర్తికాలం, ఆ పైన మూడేళ్ళు రిజర్వులో పనిచెయ్యాలి. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. ఫోను రాని రాత్రులు నాకు ఇప్పటికీ ఉన్నాయి. కాని పిల్లలు మనసుపడి అడిగినప్పుడు "మనవాళ్ళెవరూ వెళ్ళరు" అన్న కారణంతో ఆపకండి. ఆసక్తి ఉంటే పదకొండో తరగతిలోనే మొదలుపెట్టాలి. చేరేనాటికి అమెరికా పౌరసత్వం ఉండాలి, పదిహేడేళ్ళు నిండాలి, కాంగ్రెస్ సభ్యుడో సెనేటరో నామినేషన్ ఇవ్వాలి. గ్రీన్ కార్డు మీదున్న కుటుంబాలు ఈ పౌరసత్వం సంగతి ముందుగా చూసుకోండి. ఆడపిల్లలని వెనుకాడకండి. 1976 నుంచీ ఈ అకాడమీలు అమ్మాయిలని తీసుకుంటూనే ఉన్నాయి.

పిల్లలూ, మీకు ఒక్క మాట. ఈ ఆదివారం ఇంటికి వెళ్ళాక ఒక తెల్లకాగితం తీసుకుని మీ అమ్మమ్మకో, నాయనమ్మకో, తాతయ్యకో నాలుగు వాక్యాలు తెలుగులో రాయండి. తప్పులు వస్తాయని భయపడకండి. అమ్మమ్మలు మార్కులు వెయ్యరు. మా అమ్మాయి ఇంటికి సెలవుకి వచ్చినప్పుడల్లా వాళ్ళ అమ్మమ్మ ఫోనులో అడిగే మొదటి ప్రశ్న ఇప్పటికీ అదే: "ఏమే, కాళ్ళకి బొబ్బట్లు తగ్గాయా?"