ముందు కితాబా, ఇమారతా?

వైస్ ఛాన్సలర్ల తక్రీర్లు చాలా కవర్ చేశాను. షాంఘై నుంచి హైదరాబాద్ దాకా అందరిదీ ఒకటే ఫికర్: ర్యాంకు. 2003లో షాంఘై జాబితా, 2004లో లండన్ జాబితా వచ్చాక ఈ పరుగు దునియా అంతా పాకింది.

అవి వింటుంటే నాకు మన ఉస్మానియా పాత కహానీ యాదికొస్తుంది. 1917లో అక్బర్ హైదరీ సలహాపై నిజాం ఫర్మానా ఇచ్చాక ముందు పుట్టింది ఇమారత్ కాదు, దారుల్ తర్జుమా. సైన్సు, చట్టం, చరిత్ర కితాబుల్ని ఉర్దూలోకి తెచ్చే దఫ్తర్ అది. 1919లో క్లాసులు కిరాయి ఇళ్లలోనే మొదలయ్యాయి. మనం ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ కమాన్లు 1939కి గానీ తయారు కాలేదు. నా లెక్కన లీడర్‌షిప్ అంటే ఆ తర్తీబే: ముందు పిల్లలకు అర్థమయ్యే జబాన్, తర్వాత కమాన్లు.

అయితే ఇన్సాఫ్‌గా ఇంకో మాటా చెప్పాలి. రియాసత్‌లో ఎక్కువమంది ఇళ్లలో పలికింది తెలుగు, మరాఠీ, కన్నడ. వాళ్ల పిల్లలకు ఆ దర్వాజా సగమే తెరుచుకుంది. 1948 తర్వాత ఇంగ్లిష్ వచ్చి ఆ సగం కూడా మూసేసింది.

ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. సవాల్ మనసులో ఉండీ క్లాసులో నోరు పెగలకపోవడం ఏమిటో నాకు తెలుసు. అలాంటి పిల్లాణ్ణి ఏ ర్యాంకూ లెక్కపెట్టదు. అందుకే కొత్త వైస్ ఛాన్సలర్ సాబ్ ఎవరొచ్చినా నా సవాల్ ఒక్కటే: జనాబ్, మీ బడ్జెట్‌లో తర్జుమాకు ఎంత?