పాఠము అందినదెప్పుడు?

కళాశాలలు ఈ-లెర్నింగ్ పాఠములను సంస్థలకు అప్పగించి తయారు చేయించుకొనుట నేడు పరిపాటియైనది. పాఠముల సంఖ్య, గడువు, సొమ్ము వ్రాసుకొందురు. పాఠము అందినట్లు ఎప్పుడు లెక్కయో వ్రాసుకొననిచో, పని పూర్తియైనదని సంస్థ, కాలేదని కళాశాల వాదులాడుకొనుటయే మిగులును.

1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు ‘సైట్’ అను టెలివిజన్ విద్యా ప్రయోగము నాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా కార్యక్రమములు పంపినది. వాటి తయారీతోపాటు టెలివిజన్ పెట్టెల మరమ్మతుకు, ప్రేక్షకుల స్పందన తెలిసికొనుటకు కూడ ఏర్పాట్లు జరిగినవి. పంపుట వేరు, చేరుట వేరని నాటి నిర్వాహకులు ఎరిగియుండిరి.

మన గుండుగొలనుకును ఇదియే వర్తించును. కొల్లేటి లంకలనుండి వచ్చు విద్యార్థి ఇంట నలుగురికీ ఒకే ఫోను ఉండవచ్చును. కనుక పాఠము ఒకసారి దింపుకొన్న పిదప నెట్ లేకున్నను నడువవలెను. తెలుగు యూనికోడ్‌లో ఉండవలెను. అను ఫాంట్లలో కూర్చినది ఆ ఫాంటు లేని ఫోనులో చదువ వీలుగాదు. ఉర్దూ కుడినుండి ఎడమకు, నస్తాలీఖ్ లిపిలో సరిగా రావలెను. ఇవి చివర దిద్దుకొను అచ్చుతప్పులు కావు. మొదటనే ఒప్పందములో చేర్చవలసిన షరతులు.

కమిటీవారికి మా మనవి: ముందుగా ఒక్క పాఠము చేయించి, పదిమంది విద్యార్థుల చేతికిచ్చి చూడుడు. దోషములు సవరించిన పిదపనే తక్కినవి చేయించుడు. చివరి వాయిదా సొమ్ము విద్యార్థులు వాడి చూచిన తరువాతనే చెల్లించుడు. కళాశాల పక్షమున ఒక్క అధ్యాపకుని బాధ్యునిగా నియమించుడు. పలువురు పలు మార్పులు కోరి గడువు దాటించినచో సంస్థను నిందింపజాలము.

విద్యార్థులారా, అర్థము కానిచో మొహమాటపడక చెప్పుడు. నేర్చుకొంటిమని మీరు చెప్పిననాడే పాఠము అందినట్లు లెక్క.