మర్రిస్క్ గ్రామమున మూడు దినములు



మన బిడ్డలు చదువులకును ఉద్యోగములకును దూరదేశములకు పోవుచున్న కాలమిది. ఐర్లండులో పిల్లలున్న తల్లిదండ్రులు కొందరు, "డబ్లిన్ నగరము చూచితిమి. పిల్లలకు మూడు దినములు సెలవు దొరకినచో ఇంకెచ్చటికి పోవలెను?" అని యడిగిరి. గత జూలై మాసమున మా మేనల్లుని ఇంట నుండగా నేనును ఈ ప్రశ్ననే యడిగితిని. అతడు మమ్ము ఒక కొండపల్లెకు తీసికొనిపోయెను. అచ్చట చూడవలసినవి, చేయవలసినవి ఈ మాసము మనవి చేయుచున్నాను.

ఆ పల్లె పేరు మర్రిస్క్. అది ఐర్లండు పశ్చిమ తీరమున మేయో కౌంటీలో నున్నది. ఒక ప్రక్క క్లూ అఖాతము, మరియొక ప్రక్క క్రో పాట్రిక్ పర్వతము. అఖాతములో దినమునకొకటి చొప్పున 365 దీవులు కలవని అచ్చటివారి నానుడి. పర్వతము ఎత్తు 764 మీటర్లు. మన మారిషస్ దీవిలో అన్నిటికంటె ఎత్తైన శిఖరము 828 మీటర్లు గావున, ఎత్తులో మన కొండయే పెద్దది. కాని క్రో పాట్రిక్ సముద్రపు టంచుననే లేచి, ధాన్యపురాశివలె కోసుగా నిలుచుటచే మిక్కిలి గంభీరముగా కనబడును. 'క్రో' అను మాటకు వారి భాషలో కుప్ప యనియే అర్థము.

డబ్లిన్‌లో హ్యూస్టన్ స్టేషనునుండి రైలెక్కినచో మూడు గంటలకు పైగా ప్రయాణించి వెస్ట్‌పోర్ట్ పట్టణము చేరవచ్చును. అచ్చటికి మర్రిస్క్ 8 కిలోమీటర్లు. జూలైలో యాత్రికులు అధికముగా వత్తురు గావున బసను ముందుగనే కుదుర్చుకొనవలెను. శాకాహారులకు కూరగాయల చారు, సోడా రొట్టె, బంగాళాదుంపలు దొరకును. మా మేనల్లుని భార్య పులిహోరయు పచ్చడియు కట్టుకొని వచ్చినందున మాకు లోటు లేకపోయెను. వేసవియైనను వాన యే గడియనైన రావచ్చును. ఉన్ని వస్త్రములు, వానకోటు, గట్టి బూట్లు లేనిదే పోరాదు.

మొదటి దినము కొండ నెక్కవలదు. సముద్రపు ఒడ్డునకు నడచిపోవుడు. అచ్చట 1457 లో అగస్టీనియన్ సన్యాసులు స్థాపించిన మఠము శిథిలమై నిలిచియున్నది. పైకప్పు లేదు, గోడలు మాత్రమే కలవు. దానికి స్థలమిచ్చిన ఓమాలీ వంశములోనే, 16వ శతాబ్దమున గ్రేస్ ఓమాలీ యను వీరనారి పుట్టినది. ఆమె ఈ అఖాతమున ఓడల నేలినది. 1593 లో లండను వెళ్లి ఎలిజబెత్ రాణిని ముఖాముఖి చూచి, తనవారి విడుదలను కోరినది.

మఠమునకు సమీపముననే, కొండకెదురుగా, కంచుతో పోతపోసిన ఓడ యొకటి కలదు. జాన్ బీహాన్ అను శిల్పి దానిని చేసెను. 1997 లో ఆ దేశాధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ ఆవిష్కరించెను. దూరమునుండి చూచినచో తెరచాపల త్రాళ్లవలె కనబడునవి, దగ్గరకు పోగా త్రాళ్లు కావు, అస్థిపంజరములు. 1845 లో బంగాళాదుంప పైరునకు తెగులు తగిలి, పేదల ఏకైక ఆహారము నేలలోనే కుళ్లిపోయినది. ఏండ్ల తరబడి కరవు సాగెను. సుమారు పది లక్షలమంది చనిపోయిరి, మరి పది లక్షలమంది దేశము విడిచిరి. 1841 జనాభా లెక్కలో 81 లక్షలుండిన జనులు 1851 నాటికి 65 లక్షలైరి. ప్రజలాకలితో నుండగనే అచ్చటి ధాన్యము ఓడలలో విదేశములకు పోవుచుండెను. దేశము విడిచినవారిలో అనేకులు త్రోవలోనే జ్వరములతో మరణించిరి గావున ఆ నావలకు శవపేటికా నౌకలని పేరు వచ్చినది. 1847 లో కెనడా దేశపు గ్రోస్ ఈల్ అను ఒక్క దీవిలోనే అయిదు వేలకు పైగా జనులను పాతిపెట్టిరి.

మా మేనల్లుని కుమారునకు పది యేండ్లు. వాడు ఆ ఓడచుట్టు ఒకసారి తిరిగివచ్చి, "తాతయ్యా, మనవాళ్లు కూడ ఓడలోనే వచ్చిరి గదా? మన ఓడకు బొమ్మ ఎక్కడ ఉన్నది?" అని యడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. కోరంగి రేవునుండి కోరంగి ప్యాకెట్ అను ఓడ 1843 లో మన తెలుగువారిని మారిషస్‌కు తెచ్చినదని చెప్పితిని. వాడు తల యూపెను గాని తృప్తి పడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

రెండవ దినము కొండ నెక్కవలెను. పోయి వచ్చుటకు సుమారు 7 కిలోమీటర్లు, మామూలు నడకవారికి నాలుగు గంటలు. మొదట 1928 లో నిలిపిన పాట్రిక్ మహాత్ముని విగ్రహము కనబడును. ఆయన క్రీస్తుశకము 5వ శతాబ్దపు వాడు. బాల్యమున బ్రిటన్‌నుండి బందీగా ఓడలో కొనిపోబడి ఆరు సంవత్సరములు పశువులు కాచిన దాసుడనని ఆయనయే తన చరిత్రలో వ్రాసికొనెను. తప్పించుకొనిపోయి, తిరిగి అదే దేశమునకు ధర్మబోధ చేయవచ్చెను. ఈ శిఖరమున నలువది దినములు ఉపవసించెనని పరంపరాగతమైన నమ్మకము.

జూలై మాసపు కడపటి ఆదివారము ఇచ్చటి మహాయాత్ర. ఆ దినమున వేలకొలది జనులెక్కుదురు. కొందరు వృద్ధులు సైతము వట్టికాళ్లతో ఆ కరకు రాళ్లపై నడతురు. పూర్వము రాత్రివేళ దివిటీలతో ఎక్కెడివారు. ప్రమాదములవలన 1970 దశాబ్దమున ఆ యాచారము మానిరి. క్రైస్తవమునకు పూర్వమే పంటకోతల ఆరంభమున ఇచ్చట ఉత్సవము జరిగెడిదని పండితులు చెప్పుదురు.

మన పాఠకులకు ముఖ్యముగా చెప్పవలసినదొకటి కలదు. త్రోవలో రాళ్లగుట్ట యున్నచోట వారు ప్రార్థనలు చెప్పుచు ఏడు ప్రదక్షిణములు చేయుదురు. శిఖరమున 1905 లో కట్టిన చిన్న ప్రార్థనామందిరము చుట్టు పదునైదు ప్రదక్షిణములు. మరియొక చోట మూడు రాళ్లగుట్టలకు ఒక్కొక్క దానికి ఏడేసి. అన్నియు సూర్యుడు తిరుగు దిక్కుననే, కుడివైపు కేంద్రము నుంచుకొనియే. ఈ నడకకు వారి ప్రాచీన భాషలో 'జెషల్' అని పేరు. అందలి 'కుడి' యను ధాతువును, మన సంస్కృతపు 'దక్షిణ' శబ్దపు ధాతువును ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వారి మతము వేరు, మన మతము వేరు. అయినను ఒక పవిత్రస్థలము చుట్టు ఏ వైపుగా నడువవలెనో ఇరువురి పూర్వులకును ఒకటే తోచినది.

నా మోకాళ్లు సగము దూరమే సహకరించినవి. చివరి భాగము జారు రాళ్లతో మిక్కిలి నిటారుగా నుండును. ఇటీవలి సంవత్సరములలో ఆ కొండరాళ్లతోనే చేతితో మెట్లవలె పేర్చి బాగుచేసిరి గాని, ముసలివారు చేతికర్ర లేనిదే పోరాదు. నేను కొండనడుమ ఒక రాతిపై కూర్చుంటిని. మేనల్లుడును పిల్లవాడును పైకి పోయిరి.

నా ప్రక్కన ఆ ప్రాంతపు వృద్ధుడొకడు కూర్చుండెను. ఆయన తాతగారి అన్నదమ్ములు అమెరికాకు పోయి తిరిగి రాలేదట. వారి మనుమలు ఏటేటా జూలైలో వచ్చి కొండ నెక్కుదురట. "పోయినవారు ఎక్కలేకపోయిరి గదా, వారి బదులు వీరెక్కుదురు" అని ఆయన నెమ్మదిగా చెప్పెను.

ఆ మాట వినగానే నాకు మా అవ్వ జ్ఞాపకము వచ్చినది. ఆమె చెరకుతోటలోనే పుట్టి, తోటలోనే కన్ను మూసినది. సింహాచలమును ఎన్నడును చూడలేదు. కాని ఆమె తల్లి విశాఖపట్టణపు ప్రాంతమునుండి ఓడ యెక్కునపుడు, "అప్పన్నస్వామీ, క్షేమముగా తిరిగివచ్చినచో నీ మెట్లెక్కెదను" అని మ్రొక్కుకొన్నదట. గడువు తీరెను, మరియొక గడువు వచ్చెను, బిడ్డలు పుట్టిరి, ఆమె తిరిగి పోలేదు. ఆ మ్రొక్కు మా ఇంట నొక మాటగా మిగిలినది. పండుగనాడు అవ్వ దీపము పెట్టి, "మెట్ల బాకీ యున్నదిరా" అనెడిది. మేము నవ్వెడివారము. నేను ఇన్నేండ్లు ఇతరులచేత సంకల్పములు చెప్పించితిని గాని, మా ఇంటి మ్రొక్కును గూర్చి ఒక్కనాడైనను ఆలోచింపలేదు. ఆ రాతిమీద కూర్చుండియుండగా నాకు సిగ్గు కలిగినది.

మూడవ దినము లూయిస్‌బర్గ్ దాటి డూలాక్ సరస్సునకు పోవుడు. వాహనము కావలెను. రెండు కొండల నడుమ నల్లని నీరు, ఇండ్లు లేవు, గొఱ్ఱెలు మాత్రమే కలవు. 1849 మార్చి 30వ తేదీన లూయిస్‌బర్గ్‌లో ఆకలిగొన్న వందలకొలది పేదలను, మరునాటి ఉదయము డెల్ఫీ అను చోట అధికారులయెదుట కనబడనిచో సహాయము నిలుపుదుమని చెప్పిరి. వారు చలిలో సుమారు 19 కిలోమీటర్లు నడచిరి. అచ్చట వారికి అన్నము పెట్టలేదు. పోవుచును వచ్చుచును అనేకులు త్రోవలోనే ప్రాణములు విడిచిరి. వారి స్మారకశిల మీద మహాత్మాగాంధీ వాక్యమొకటి చెక్కబడియున్నది. మన దేశపు మహాత్ముని మాటను అంతదూరమున, ఆ నిర్జనమైన లోయలో చదివినపుడు మా మేనల్లుడు చాలసేపు మాటలాడలేదు.

అదే 1849 లో మన పోర్ట్ లూయీ రేవులో వలసకూలీల డిపో కట్టబడినది. దానినే మనము ఆప్రవాసీ ఘాట్ అందుము. 2006 లో అది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. ఇద్దరి కష్టము ఒకటే యనుట సరికాదు. వారు కరవునుండి పారిపోయిరి. మనవారు ఒప్పందముపై వచ్చిరి. వారిలో అనేకుల పేర్లు కూడ మిగులలేదు. మనవారి పేర్లు, తండ్రి పేరు, ఊరు వ్రాసిన పట్టీలు నేటికిని కలవు. అందువలన మనకు బాధ్యత యెక్కువ.

తిరుగు ప్రయాణమున రైలులో పిల్లవానికి సమాధానము చెప్పితిని. "నాయనా, మన ఓడకు కంచు బొమ్మ లేకున్నను, ఓడ దిగి మనవారు కాలుపెట్టిన రాతిమెట్లు ఆప్రవాసీ ఘాట్‌లో ఉన్నవి. ఈసారి సెలవులకు వచ్చినపుడు నీవును నేనును వాటిని ఎక్కుదము" అంటిని. "ఎన్ని మెట్లు తాతయ్యా?" అని వాడడిగెను. "కొద్దియే. నా మోకాళ్లు కూడ ఎక్కగలవు" అంటిని.

సింహాచలపు మెట్లు మాత్రము సుమారు వేయి. ఆషాఢ పౌర్ణమికి అచ్చట గిరిప్రదక్షిణము జరుగును, అది 32 కిలోమీటర్లు. అదియును జూలై ప్రాంతముననే వచ్చును. అంత నడక నా వలన కాదు. మా మేనల్లుడు తాను నడచెదననియు, మెట్ల మొదట నన్ను కూర్చుండబెట్టెదననియు మాట యిచ్చెను. నాలుగు తరముల బాకీ ఆ విధముగా తీరవలసియున్నది.

ఐర్లండు పోవువారికి చివరగా రెండు సూచనలు. ఏప్రిల్ 18న గాని ఆగస్టు 24న గాని వెస్ట్‌పోర్ట్ సమీపమున బోహె యను చోట నున్న ప్రాచీన శిలయొద్ద నిలిచి చూచినచో, అస్తమించు సూర్యుడు క్రో పాట్రిక్ వాలుమీద దొరలుచున్నట్లు కనబడునట. మబ్బు లేకున్నచో అదియు చూడదగినది. రెండవది, వాతావరణము బాగులేదని చెప్పినపుడు కొండ జోలికి పోరాదు. 2015 లో గాలివానవలన యాత్రాదినపు ప్రార్థనలనే మానుకొనిరి.

ఇంటనుండువారికి ఒక్కటే మనవి. మీ కుటుంబమున అట్టి మ్రొక్కు ఏదైన మిగిలియున్నదేమో పెద్దలున్నప్పుడే యడిగి, ఏ దేవునికి, ఏ కొండకు, ఎవరు మ్రొక్కిరో ఒక పుస్తకమున వ్రాసిపెట్టుకొనుడు. మన తరమున తీరకున్నను ఆ మాట పిల్లలకు చేరవలెను.

శుభమ్.