క్లిప్పులెప్పుడు?

మన తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట ఇళ్ళ ధరలూ, వీసా కబుర్లూ అయ్యాక ఈమధ్య పిల్లల పళ్ళ ప్రస్తావన వస్తోంది. "మీ అమ్మాయికి ఇంకా బ్రేసెస్ వేయించలేదా?" అని అడుగుతారు. ఆ 'ఇంకా' వినగానే ఏదో వాయిదా వేసి మర్చిపోయినట్టు గుండె కలుక్కుమంటుంది. తీరా చూస్తే పిల్లకి ఎనిమిదేళ్ళు. సగం పాల పళ్ళు ఊడనే లేదు.

మా చిన్నప్పుడు పళ్ళకి క్లిప్పులంటే పెళ్ళీడుకి వచ్చాక ఎత్తే మాట. ఎత్తు పళ్ళ పిల్లకి సంబంధాలు చూడబోయే ముందు ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుచేసేవారు. చాలామందికి అదీ లేదు. సందు పళ్ళుంటే అదృష్టమని చెప్పేసి ఊరుకునేవారు. ఇక్కడ అమెరికాలో ఆర్థొడాంటిస్టుల సంఘం పిల్లలకి 7 ఏళ్ళు వచ్చేసరికి ఒకసారి చూపించమని సలహా ఇస్తుంది. మనలో చాలామంది ఆ మాటని 7 ఏళ్ళకే క్లిప్పులు వేయించాలని అర్థం చేసుకుంటున్నారు. చూపించడం వేరు, వేయించడం వేరు. ఆ వయసుకి శాశ్వత దంతాల్లో మొదటి దవడ పళ్ళూ, ముందు పళ్ళు కొన్నీ వచ్చేసి ఉంటాయి. కాబట్టి పై దవడా కింది దవడా ఎలా కలుస్తున్నాయో, లోపల ఇంకా రావలసిన పళ్ళకి చోటుందో లేదో తెలుస్తుంది. అలా చూసిన పిల్లల్లో చాలామందికి అప్పుడే చెయ్యవలసిందేమీ ఉండదు.

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ ఎనిమిదో ఏటే ఈ ప్రశ్న ఎదురైంది. ఒకరికి వెంటనే మొదలుపెట్టాం, ఇంకొకరికి ఆగాం. ఎందుకలా అని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ రాస్తే నయమనిపించింది.

ముందు అబ్బాయి సంగతి. పై పళ్ళు కింది పళ్ళ మీద డబ్బా మూతలా, అంటే కాస్త బయటికి కూర్చోవాలి. వాడికి ఒక పక్కన అది తిరగబడింది. పై పళ్ళు కింది పళ్ళకి లోపల పడేవి. నోరు మూసినప్పుడల్లా కింది దవడ పక్కకి జరిగి సర్దుకునేది. దీన్ని క్రాస్‌బైట్ అంటారు. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే ఎదిగే దవడ ఒక పక్కకి ఒరిగే అవకాశం ఉంది. పై దవడ ఇరుకుగా ఉండటం దీనికి కారణం. మన అంగిలి నిజానికి రెండు సగాలు. మధ్యలో ఒక అతుకు ఉంటుంది. చిన్నతనంలో అది గట్టిపడదు కాబట్టి మెల్లగా విడదీసి దవడని వెడల్పు చెయ్యొచ్చు. యుక్తవయసు దాటేకొద్దీ అతుకు బిగిసిపోతుంది. అప్పుడు అదే పనికి ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి వస్తుంది. అంటే వాడి విషయంలో నిజంగానే గడువుంది.

అంగిలికి ఎక్స్‌పాండర్ అని ఒక పరికరం బిగించారు. రోజూ రాత్రి చిన్న తాళంచెవి లాంటి దానితో ఒక్క తిప్పు తిప్పాలి. ఒక తిప్పుకి పావు మిల్లీమీటరు. రెండు వారాలు గడిచేసరికి వాడి పై ముందు పళ్ళ మధ్య పెద్ద సందు వచ్చింది. వీడియో కాల్‌లో అది చూసి మా అమ్మ, "పళ్ళు బాగుచెయ్యమంటే సందు చేశారేంటే!" అని కంగారు పడింది. దవడ విడుతోందనడానికి అదే గుర్తనీ, ఆ సందు కొన్ని నెలల్లో దానంతటదే మూసుకుంటుందనీ చెప్పినా నమ్మలేదు. మూసుకున్నాకే నమ్మింది. ఆవిడ పంపిన జంతికలూ, పల్లీ చిక్కీ మాత్రం ఆ పరికరం ఉన్నన్నాళ్ళూ డబ్బాలోనే ఉండిపోయాయి. గట్టివీ, అతుక్కునేవీ తినకూడదు.

రెండేళ్ళ తర్వాత అమ్మాయి వంతు వచ్చింది. దాని పళ్ళు నా పోలికే. పై ముందు పళ్ళు రెండింటి మధ్య సందు, పక్కవి విసనకర్ర పుల్లల్లా బయటికి వాలి ఉన్నాయి. మొదట వెళ్ళిన క్లినిక్‌లో కంప్యూటర్ మీద ఇప్పటి నవ్వూ, రాబోయే నవ్వూ పక్కపక్కన పెట్టి చూపించారు. రెండు దశల్లో చేద్దామన్నారు. ఇప్పుడు ఏడాది పాటు ముందు పళ్ళకి, మళ్ళీ 12 ఏళ్ళకి నోరంతా. రెండూ కలిపి 8,000 డాలర్లు దాటింది. మా ఇన్సూరెన్స్ క్లిప్పుల కోసం ఇచ్చేది ఒక్కో బిడ్డకి జీవితం మొత్తానికి 1,500. అది మొదటి దశకే అయిపోతే రెండో దశ మొత్తం మన జేబులోంచే.

నేను అడిగింది ఒకటే. "ఇప్పుడు చెయ్యకుండా 12 ఏళ్ళకే అంతా ఒకేసారి చేస్తే, చివరికి వచ్చే ఫలితంలో తేడా ఏమిటి?" అబ్బాయి విషయంలో దీనికి సూటిగా జవాబు దొరికింది. ఇక్కడ "ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది" అన్నారు తప్ప తేడా ఏమిటో చెప్పలేదు.

అందుకని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఎక్స్‌రే చూపించి ఓపిగ్గా చెప్పింది. ఏడెనిమిదేళ్ళ నుంచి పదకొండు, పన్నెండేళ్ళ దాకా ఈ సందూ, ఈ వాలడమూ చాలామంది పిల్లల్లో మామూలేనట. ఇంకా బయటికి రాని కోర పళ్ళు పైనుంచి పక్క పళ్ళ వేర్లని నొక్కుతుంటే పళ్ళ కొసలు బయటికి విచ్చుకుంటాయి. కోర పళ్ళు కిందికి దిగాక ఆ సందు తరచుగా తనంతట తనే తగ్గుతుంది. ఇంగ్లీషులో దీనికి 'అగ్లీ డక్లింగ్ స్టేజ్' అని పేరు. అమ్మాయికి క్రాస్‌బైట్ లేదు, చోటు కొరత కొంచెమే. ఆరు నెలలకోసారి చూపించమంది. పదేళ్ళు వచ్చేసరికి కోర పళ్ళ ఉబ్బు చిగురు మీద వేలికి తగలాలి, తగలకపోతే మళ్ళీ ఎక్స్‌రే తీసి అవి దారి తప్పాయేమో చూడాలి అంది. ఆగడమంటే మర్చిపోవడం కాదని నాకు అప్పుడర్థమైంది.

మరి పై పళ్ళు బాగా ముందుకొచ్చిన పిల్లల మాటేమిటి? దీని మీద అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ పిల్లలని రెండు గుంపులు చేసి పరీక్షించి చూశారు. వాటన్నిటినీ కలిపి బేరీజు వేసిన కాక్రేన్ సమీక్ష 2018లో కొత్త సమాచారంతో మళ్ళీ వచ్చింది. చిన్నప్పుడొకసారి, పెద్దయ్యాక ఇంకోసారి చేయించుకున్నవాళ్ళకీ, పెద్దయ్యాక ఒక్కసారే చేయించుకున్నవాళ్ళకీ చివర్లో చెప్పుకోదగ్గ తేడా ఒక్కటే. ముందే చేయించుకున్నవాళ్ళలో పడి ముందు పళ్ళు విరగ్గొట్టుకోవడం తక్కువ. మీ వాడి పళ్ళు పెదవులు దాటి వచ్చి ఉండి, రోజూ సైకిల్ మీంచి పడుతుంటే అది చిన్న కారణమేమీ కాదు. తోటిపిల్లలు ఏడిపిస్తుంటే వాడు బడికి వెళ్ళనంటున్నా అంతే.

బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి ఈ లెక్క కొంత వేరు. అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ పళ్ళ తీరుకి 1 నుంచి 5 దాకా గ్రేడు ఇస్తుంది. 4, 5 వచ్చిన పిల్లలకి 18 ఏళ్ళ లోపు ఉచితం. 3 వస్తే చూపుకి ఎలా ఉన్నాయన్నదాన్ని కూడా కొలిచి నిర్ణయిస్తారు. ఇక "ఇండియాలో చవక కదా, వేసవిలో వెళ్ళినప్పుడు వేయించుకొస్తే పోలా" అనేవాళ్ళకి ఒక మాట. క్లిప్పులు వేయించడం ఒక్కరోజు పనే. వాటిని కొన్ని వారాలకోసారి సరిచేస్తూ ఏడాదిన్నర, రెండేళ్ళు నడిపించాలి. మధ్యలో తీగ ఊడితే చూడటానికి, వేసిన డాక్టరు పన్నెండు గంటల విమానం అవతల ఉంటే కష్టం. అన్నీ అయ్యాక రాత్రిళ్ళు రిటైనర్ పెట్టుకోవడం ఏళ్ళ తరబడి ఉండనే ఉంటుంది. పెట్టుకోకపోతే పళ్ళు పాత చోటికి బయల్దేరతాయి.

ఆగినందుకు మాకు ఖర్చు లేకపోలేదు. ఆ మొదటి క్లినిక్ గదిలో అమ్మాయి కూడా ఉంది. తెరమీద తన నవ్వు పక్కన 'ఇలా ఉండాలి' అన్న ఇంకో నవ్వు చూసింది. తర్వాత కొన్ని నెలలు ఫోటోలకి పెదాలు బిగించి నిలబడేది. పగలబడి నవ్వే పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకునేది. డబ్బు లెక్కలకంటే నన్ను ఎక్కువగా ఊగిసలాడించింది అదే. పోనీ వేయించేద్దామా అని రెండుసార్లు అనుకున్నాం. చివరికి దానికే ఎక్స్‌రే చూపించి, కోర పళ్ళు ఎక్కడున్నాయో, ఏం చేస్తున్నాయో వివరించాం. తన నోట్లో ఏదో తప్పుందనుకున్న పిల్లకి, పని ఇంకా సాగుతోందని తెలిశాక కుతూహలం మొదలైంది. ఇప్పుడు పళ్ళు తోముకునేటప్పుడు చిగురు మీద వేలు పెట్టి వెతుక్కుంటుంది. పోయిన నెల ఎడమవైపు ఉబ్బు దొరికిందని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి నా వేలు పెట్టించింది. కుడివైపుది ఇంకా తగల్లేదు.

"12 ఏళ్ళకి కూడా సందు ఉంటే?" అని అడిగింది.

"అప్పుడు నీకు కావాలంటే వేయిద్దాం."

"నాకు వద్దంటే?"

దానికి వెంటనే జవాబు రాలేదు. వాళ్ళ నాన్న వైపు చూశాను. నమలడానికో, దవడకో ఇబ్బంది అయితే మేం చెప్పినట్టు వినాలి, చూపు కోసమే అయితే నీ మాటే చెల్లుతుంది అన్నాం. అది కాసేపు ఆలోచించి, అయితే రబ్బరు బ్యాండ్ల రంగు కూడా తనిష్టమేనా అని అడిగింది. ఔనన్నాం.