దారి మీ శాఖది, మంత్రిగారూ!

గౌరవనీయులైన ఉపముఖ్యమంత్రి, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖల మంత్రి కొణిదెల పవన్ కల్యాణ్ గారికి,



నేను ఒక పల్లెటూరి మండలంలో 108 అంబులెన్సులో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ (ఈఎంటీ)గా పనిచేస్తున్నాను. మా బావ పక్క నియోజకవర్గంలోని ఫైర్‌స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్. పండక్కి ఇద్దరం ఒకచోట చేరితే ఇంట్లోవాళ్లు టీవీ కట్టేసి మా కబుర్లు వింటారు. కడుపుబ్బ నవ్వుతారు కూడా. కానీ ఆ నవ్వుల్లో సగం మీ బల్ల మీదికి రావలసిన ఫైళ్లేనని మా ఇద్దరి అభిప్రాయం.

108 గురించైతే ఆరోగ్యమంత్రికి, ఫైరింజన్ గురించైతే హోంమంత్రికి రాసుకోవాలి, మధ్యలో మాకెందుకని మీ పేషీలో ఎవరైనా అడగొచ్చు. బండ్లు ఆ శాఖలవే. కానీ అవి మెయిన్‌రోడ్డు దిగి ఊళ్లోకి తిరిగాక మేం ఉండేది మీ ఇలాకాలో. సందు, చప్టా, ఊరి పేరు రాసిన బోర్డు, వాటర్ ట్యాంకు... అన్నీ పంచాయతీవే. మాకు నిమిషాలు పోయేదీ అక్కడే.

ముందు చిరునామా సంగతి. కేసు రాగానే బండి కదులుతుంది, దారిలో ఫోన్ చేస్తాం.

"ఎక్కడున్నారండీ?"

"ఇంట్లోనే ఉన్నామండీ."

"ఇల్లెక్కడ?"

"రామాలయం దగ్గర."

రామాలయం లేని ఊరు మా వైపు ఉందా? అక్కణ్నుంచి ఎటు రావాలంటే, "మా పెదనాన్నగారింటి పక్కనే, ఎవర్నడిగినా చెప్తారు" అంటారు. అర్ధరాత్రి రెండింటికి ఎవర్నడగాలి? ఆ వేళకి మెలకువగా ఉండేవి కుక్కలే. అవి దారి చెప్పవు, వెంటపడతాయి. ఒకాయన "ఇంటి ముందు నల్లగేదె కట్టేసి ఉంటుంది, అదే గుర్తు" అన్నాడు. తీరా వెళ్తే ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక గేదె ఉంది. గేదెల్లో తెల్లవి ఎక్కడైనా ఉంటాయా అని బండి నడిపే మా పైలట్ ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటాడు.

ఊళ్ల పేర్లు ఇంకో చిక్కు. కొత్తపల్లి, కొత్తపాలెం, రామాపురం... ఇవి రాష్ట్రంలో ఎన్నున్నాయో లెక్కపెట్టడం కష్టం. పైగా రికార్డుల్లో ఒక పేరు, జనం నోట్లో ఇంకో పేరు. శివారు గ్రామాలకైతే రోడ్డు మీద అసలు బోర్డే ఉండదు. మలుపు దగ్గర నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు మాత్రం వరసగా ఉంటాయి. వాటిలో మీదీ ఒకటుంటుంది, కోప్పడకండి. మ్యాపు ఉందిగా అంటారేమో, అదీ చూశాం. చెరువుగట్టు మీద మమ్మల్ని ఆపేసి, చేరాల్సిన చోటుకి చేరారని చెప్పింది.

ఇల్లు దొరికిందనుకోండి, తరవాత దారి. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యమే ఉంటుంది. "ఓ పక్కనుంచి పోనీయండి బాబూ, గింజ నలిగిపోద్ది" అని చీపురుతో అడ్డం నిలబడింది ఒక పెద్దావిడ. పేషెంటుతో తిరిగొచ్చేసరికి తనే పార తీసుకుని ధాన్యం పక్కకి లాగి, "తొందరగా పోండి నాయనా, ఎవరి బిడ్డో ఏమో" అంది. ఆవిణ్ని ఏమనగలం? ఆరబెట్టుకోవడానికి కళ్లం లేకే కదా రోడ్డెక్కింది.

పెళ్లిపందిళ్ల కథ వేరు. సందుకి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా గుంజలు పాతేస్తారు. అంబులెన్సుకి దారివ్వకపోతే 10 వేల రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. వాహనం నడిపేవాడికైతే వేస్తారు, పందిరికి ఎవరు వేస్తారు? బండి బయటే వదిలి, స్ట్రెచర్ మోసుకుంటూ ఒకసారి పందిరి కిందుగా వెళ్తున్నాం. పెళ్లిపెద్ద నా చెయ్యి పట్టుకుని, "సమయానికే వచ్చారు, రెండు ముద్దలు తిని వెళ్లండి" అన్నాడు. మర్యాదకి లోటు లేని ఊళ్లు మనవి. లోటల్లా దారికే.

అన్నం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మా డ్యూటీలో ఒక పట్టింపు ఉంది. "ఇవాళ ఖాళీగా ఉందే" అన్న మాట ఎవరూ పైకి అనకూడదు. అంటే ఆ రోజు క్యారేజీ మూత తీసే అవకాశం ఉండదు. కొత్తగా చేరినవాడు తెలియక అన్నాడా, సాయంత్రం దాకా మిగతావాళ్లు వాడితో మాట్లాడరు.

ఇక మా బావ బాధ. పల్లెల్లో ఫైరింజన్‌కి వచ్చే కాల్స్‌లో గడ్డివాములు, పూరిళ్లు, పశువుల పాకలే ఎక్కువ. మామూలుగా ఒక ఫైరింజన్‌లో పట్టేది 4,500 లీటర్ల నీళ్లు. రెండు గొట్టాలు వదిలితే పట్టుమని పది నిమిషాలు రావు. గడ్డివాము పైన ఆరినట్టు కనిపించినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. దాన్ని పీకి, చెదరగొట్టి, మళ్లీ తడపాలి. అంతలో ట్యాంకు ఖాళీ. నీళ్లకోసం బండి వెనక్కి తిప్పగానే ఊరంతా గొడవ. "ఫైరింజన్ వేసుకుని నీళ్లు లేకుండా వచ్చారా?" అని ఒకడు, "పారిపోతున్నార్రోయ్, పట్టుకోండి" అని ఇంకొకడు. ఒక ఊళ్లో బండి కదలకుండా ముందు ఎడ్లబండి అడ్డం పెట్టారట. వెనకాల వాము తగలబడుతూనే ఉంది.

చెరువుకి వెళ్తే గుర్రపుడెక్క. పైపు నీళ్లలో వేయగానే జల్లెడ నిండా అదే. బావి చూద్దామంటే, నీళ్లు ఇరవై పాతిక అడుగుల కిందకి వెళ్లాయంటే ఫైరింజన్ పంపు పీల్చలేదు. ఇంత హైరానా పడుతుంటే, ఎదురుగా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా నిలబడి ఉంటుంది. అందులోంచి పట్టుకోవడానికి వీల్లేదు. ఫైరింజన్ గొట్టానికి బిగించే 63 మిల్లీమీటర్ల కప్లింగ్ దానికి ఉండదు. వాల్వు తిప్పే తాళం పంపు ఆపరేటర్ దగ్గర ఉంటుంది. ఆ ఆపరేటర్ బామ్మర్ది పెళ్లికి వెళ్లి ఉంటాడు.

ఇదంతా ఎవరి బాధ్యత అని మా బావ రాజ్యాంగం దాకా వెళ్లాడు. ప్రమోషన్ పరీక్షకి చదువుతూ పట్టుకున్నాడు లెండి. మునిసిపాలిటీలకు 18 అంశాలు అప్పగించిన 12వ షెడ్యూలులో అగ్నిమాపక సేవలు ఉన్నాయి. పంచాయతీలకు 29 అంశాలు ఇచ్చిన 11వ షెడ్యూలులో ఆ మాటే లేదు. ఇంధనం, పశుగ్రాసం మాత్రం ఉన్నాయి. "గడ్డివాము పంచాయతీదేరా, అంటుకుంటే మాత్రం దాని సంగతి కాదు" అని నవ్వుతాడు. కానీ ఆ జాబితాలోనే రోడ్లు, తాగునీరు, ఆరోగ్యం, ఊరి ఉమ్మడి ఆస్తుల నిర్వహణ ఉన్నాయి. మేం అడిగేవన్నీ వాటిలోకే వస్తాయి. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.

ఫైర్ వాళ్లంటే మంటలే అనుకోకండి. ఆవు బావిలో పడినా, మేక బోరుగుంటలో ఇరుక్కున్నా పిలుపు వాళ్లకే. ఒకచోట తాళ్లు కట్టుకుని దిగి, గంటసేపు తంటాలుపడి ఆవుని పైకి లాగారు. ఆసామి దణ్ణం పెట్టాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ తరవాత మెల్లగా, "ఎలాగూ తాళ్లున్నాయి కదా, పోయినేడు పడిన ఇత్తడి బిందె కూడా చూస్తారా?" అన్నాడు. చూశారు. దొరికింది కూడా.

మా 108 వైపు జనం సాయం ఇంకో రకం. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాలగుత్తి పెడతారు. దానివల్ల ఉపయోగం లేదు, పక్కకి తిప్పి పడుకోబెడితే చాలని చెబుతూనే ఉంటాం. ఆ గుత్తి పేషెంటుతోపాటు ఆస్పత్రికి వెళ్లిపోతుంది. సాయంత్రానికి ఇంటి తలుపు తీయలేక మాకే ఫోన్ చేస్తారు. పాము కరిస్తే ఆ పాముని వెతికి, కొన్నిసార్లు బతికుండగానే, పాలక్యాన్‌లో వేసి బండిలో పెడతారు. "డాక్టరుగారు చూడాలి కదండీ!" నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఆస్పత్రిలో ఇచ్చే మందు ఒకటే. పాముని పట్టే పనిలో ఇంకొకరు కాటు తినడం తప్ప ప్రయోజనం లేదు. కరిచిన కాలు కదపకుండా వెంటనే బయలుదేరితే అదే పెద్ద వైద్యం. ఈ నాలుగు ముక్కలు ఊళ్లో ముందే చెప్పి ఉంచితే, క్యాన్ మూత సరిగ్గా బిగించారా లేదా అని నేను దారంతా చూసుకోనక్కర్లేదు.

కాన్పుల గురించి చెప్పకపోతే ఉత్తరం పూర్తికాదు. దారిలో నొప్పులు ఎక్కువైతే బండి పక్కకి ఆపి మేమే పురుడు పోస్తాం. నేను బొడ్డుతాడుకి క్లిప్పు పెడుతుంటే వెనకనుంచి అమ్మమ్మ అడిగింది, "సమయం సరిగ్గా రాశావా బాబూ? జాతకం రాయించాలి." రాశానమ్మా అన్నాను. "నక్షత్రం కూడా రాశావా?" మా కేసు షీట్లో ఆ గడి లేదని చెబితే పెదవి విరిచింది. 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. తొలి రోజుల్లో ఆ బండ్లలో పుట్టిన పిల్లలకు ఇప్పుడు ఓటుహక్కు కూడా వచ్చేసింది. ఈ మాట మంత్రులకి చెబితే కాస్త ఎక్కువ శ్రద్ధగా వింటారని మా పైలట్ సలహా.

ఏజెన్సీలో డోలీ మోతల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో ఆ ఊళ్లకు రోడ్లు వేసే అడవితల్లి బాటను మీరే మొదలుపెట్టారు. అక్కడి కష్టం ముందు మాది చిన్నదే, ఒప్పుకుంటాను. అక్కడ రోడ్డు వేయాలి, దానికి కోట్లు కావాలి, కొండ తవ్వాలి. మైదానంలో రోడ్డు ఉంది, బండి ఉంది, ట్యాంకులో నీళ్లున్నాయి. వాటిని కలిపే చిన్నచిన్న పనులే మిగిలాయి. అందుకే అడుగుతున్నాను.

మేం కోరేవి ఇవి.

ప్రతి శివారుకీ మెయిన్‌రోడ్డు మలుపులో బోర్డు ఉండాలి, జనం పిలిచే పేరు, రికార్డు పేరు రెండూ రాసి. ప్రతి సందు మొదట్లో ఒక నంబరు వేయాలి, చీకట్లో లైటు పడితే మెరిసేలా. ఆ నంబర్ల జాబితా, వాటి మ్యాపు 108, 101, 112 కాల్ సెంటర్లకు అందాలి. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు, డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. ఇది వాళ్లకి చేతనైన పనే.

ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరా ఫైరింజన్ గొట్టానికి సరిపోయే కప్లింగ్‌తో ఒక కుళాయి పెట్టించాలి. దాని తాళం ఇద్దరి దగ్గర ఉండాలి, ఒకరు పెళ్లికి వెళ్లినా రెండోవారు ఊళ్లో ఉండేలా. వేసవి రాకముందు ఒకసారి ఫైర్ సిబ్బందిని పిలిచి బిగించి చూపించమంటే, తుప్పు పట్టిందో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

పందిరికైనా, ఆర్చీకైనా పంచాయతీ అనుమతి ఇచ్చేటప్పుడు బండి పట్టేంత దారి వదలాలని షరతు పెట్టాలి. ఫైరింజన్ పది అడుగుల ఎత్తు ఉంటుంది. సందుల్లో అంతకంటే కిందకి వేలాడే కరెంటు తీగలు ఎక్కడున్నాయో సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్‌తో రాయించి విద్యుత్ సంస్థకి పంపాలి.

చివరిది, ఖర్చు లేనిది. ఫోన్ చేయగానే ఇంట్లోంచి ఒక మనిషి మెయిన్‌రోడ్డు మలుపులోకి వచ్చి, రాత్రయితే టార్చిలైటుతో నిలబడాలి. ఈ ఒక్క అలవాటు ఉన్న ఊళ్లలో మేం ఒక్కసారి కూడా దారి తప్పలేదు.

2024 ఆగస్టు 23న ఒక్కరోజే రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో గ్రామసభలు జరిపించారు. ఒకే రోజు అన్ని ఊళ్లనీ కూర్చోబెట్టగలమని మీ శాఖ అప్పుడే రుజువు చేసింది. ఈసారి అలాంటి సభ పెట్టినప్పుడు ఎజెండాలో పై నాలుగు అంశాలూ చేర్చండి. దగ్గర్లోని 108 సిబ్బందినీ, ఫైర్ సిబ్బందినీ పిలిచి పది నిమిషాలు మాట్లాడనివ్వండి. తాళాలగుత్తి గురించీ పాలక్యాన్ గురించీ మేమే చెప్పుకుంటాం. జనం నవ్వుతారు, నవ్విన మాట మర్చిపోరు.

కొత్త బండ్లు ఎన్ని కావాలో ఆ శాఖలు చూసుకుంటాయి. ఉన్న బండి ఇంటి ముందుకు చేరే దారి మాత్రం మీరు చూడండి. ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని ఇది. వేసవి లోపల ఇప్పించండి.

ఇట్లు,
మీ రాష్ట్రంలోని ఒక 108 ఈఎంటీ,
ఫైర్‌స్టేషన్ బావ తరఫున కూడా