కప్పు కాదు, షెడ్డు

నాస్కార్ అంటే కార్లు గుండ్రంగా తిరగడమేగా అని నేనూ వెక్కిరించినవాణ్ణే. వెండెల్ స్కాట్ గురించి చదివాక నోరు మూసుకున్నాను.

వర్జీనియాలో డాన్‌విల్ ఊరు. జట్టంటే ఇంటివాళ్లే. డ్రైవరూ మెకానిక్కూ ఆయనే, పిట్‌లో సాయం కొడుకులు. పాత కార్లు, టైర్లు కూడా చాలాసార్లు ఎవరో వాడేసినవే.

1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో రెండు ల్యాపుల తేడాతో గెలిస్తే కప్పు బక్ బేకర్‌కిచ్చారు. స్కాట్ నల్లజాతివాడు మరి! లెక్క తప్పిందని కొన్ని గంటల తర్వాత ఒప్పుకున్నారు. కుటుంబం చేతికి కప్పు వచ్చింది 2021లో. ఆయన పోయి అప్పటికే ముప్ఫై ఏళ్లు.

అందరూ ఆ కప్పు కథే చెప్పి జాలిపడతారు. నాకు మాత్రం ఆయన 495 రేసుల్లో 147 సార్లు మొదటి పదిమందిలో నిలవడమే పెద్ద విషయం. పెద్ద స్పాన్సరంటూ ఎవరూ లేని ఇంటి షెడ్డులోంచి వచ్చిన లెక్క అది.